వీపు మీద మూడు గీతలు

ఇది చిన్న కథ. గుమ్మంలో నిలబడే వినేయొచ్చు, కూర్చోనక్కర్లేదు. పాత బళ్ళ షెడ్డులో పనిచేసే ఒకావిడ తన మరిది వీపు మీద సుద్దతో మూడు గీతలు గీసింది. అంతే సంగతి. కాకపోతే ఆ గీతలంటే ఏమిటో తెలియాలంటే షెడ్డు గురించి చెప్పాలి. షెడ్డు గురించి చెప్పాలంటే దాని యజమానిని దాటుకుని వెళ్ళాలి. ఆయన ఒకసారి అడ్డం నిలబడ్డాక ఏ కథా చిన్నదిగా ఉండదు. మనిషి వెడల్పు అలాంటిది.

ఆ యజమాని తను అమ్మే ప్రతి వస్తువూ ఒక డాక్టరుగారి బండిలోదే అని చెబుతాడు. హెడ్‌లైటు డాక్టరుగారిది, గేర్‌బాక్సు డాక్టరుగారిది. నలిగిపోయిన బంపరు కూడా డాక్టరుగారిదే, పాపం ఎవరి ప్రాణమో కాపాడదామని తొందరగా వెళ్తుంటే తగిలింది. అంతమంది డాక్టర్లు నిజంగా ఉండి ఉంటే ఆ చుట్టుపక్కల జ్వరమన్నది ఎవరికీ తెలిసేది కాదు. తన సొంత స్కూటరు మాత్రం ఏ డాక్టరుదో ఆయన చెప్పడు. అది బయలుదేరాలంటే ఇద్దరు తొయ్యాలి, ఆగాలంటే గోడ ఉండాలి.

ఆ వీధి వీధంతా పాత బళ్ళ మీదే బతుకుతుంది. గుద్దుకున్నవీ, ముసలైపోయినవీ, సొంతదారులకి మొహం మొత్తినవీ ఒక చివర నుంచి లారీల మీద వస్తాయి. ఇంకో చివర నుంచి తలుపులుగా, దీపాలుగా, రేడియేటర్లుగా వెళ్ళిపోతాయి. ఏ ఇంట్లో చూసినా సోఫా అంటే కారు వెనక సీటే. దర్జీ ఇంట్లో సీటుకి బెల్టు కూడా ఉంది. వాగుడుకాయ చుట్టాలు వచ్చినప్పుడు ఆయన ఆ బెల్టు పెట్టుకుని మరీ కూర్చుంటాడు.

రోడ్డుకి ఇటు పెద్ద షెడ్డు, అటు ఎదురు షెడ్డు. ఎదురు షెడ్డు ఒక ముసలాయనది. రెండు షెడ్ల మధ్య మాటల్లేవు. ఎప్పుడో ఒక లారీ వెనక్కి తిరుగుతూ ఎవరి గోడని ముందు కొట్టిందన్నది తేలలేదు. ఆ లారీ ముక్కలై రెండు షెడ్లలోనూ అమ్ముడైపోయింది. పంతం మాత్రం అమ్ముడుపోక అలాగే పడి ఉంది.

ఇప్పుడు వదిన దగ్గరికి వద్దాం. పెద్ద షెడ్డులో సరుకు ఏ రకమో తేల్చేది ఆవిడే. వీధిలో అందరికీ ఆవిడ వదినే. తనకంటే పెద్దవాళ్ళకీ వదినే, యజమానికీ వదినే, యజమాని భార్యకి కూడా వదినే. వరస ఎలా కలిసిందని ఎవరూ అడగలేదు. ఆవిడ మొగుడు బళ్ళు విప్పుతాడు. విప్పడం ఆయన పని, చెప్పడం ఆవిడ పని. ఇంట్లోనూ అంతే. ఆయన చేత మాట్లాడించడం తుప్పు పట్టిన బోల్టు ఊడదీయడం లాంటిది, కాస్త కిరసనాయిలు పోసి చాలాసేపు ఆగాలి.

ఆయన విప్పి, కడిగి, బల్ల మీద పెట్టినదాన్ని వదిన చూస్తుంది. బ్రేకు డ్రమ్మును చిన్న సుత్తితో కొడుతుంది. బాగున్నది గంటలా మోగుతుంది, లోపల పగులున్నది చెక్కలా టక్కుమంటుంది. షాఫ్టును పట్టుకుని ఊపి ఎంత వదులైందో చూస్తుంది. గేర్‌బాక్సు నూనెను రెండు వేళ్ళ మధ్య రుద్ది, ఇనుప రజను తగిలితే పెదవి విరుస్తుంది. తలుపు మీద అయస్కాంతం పెట్టి జరుపుతుంది. అది జారిపడిన చోట రేకు లేనట్టు, పుట్టీ నింపి రంగేసినట్టు. అన్నీ చూశాక పసుపు సుద్దతో గీస్తుంది. ఒక గీత అంటే మొదటి రకం, తీసుకెళ్ళి బిగించుకోవడమే. రెండు గీతలంటే పనిచేస్తుంది గానీ కాస్త బాగు చేయించుకోవాలి. మూడు గీతలంటే దాన్ని మొత్తంగా అమ్మకూడదు. విప్పి, లోపల ఏ ముక్క బాగుంటే ఆ ముక్క తీసి అమ్ముకోవాలి.

గీయడానికి ఒక పద్ధతి ఉంది. ఎడమచెయ్యి సరుకు మీద ఉండగానే కుడిచెయ్యి గీసెయ్యాలి. చెయ్యి తీసి, ఆలోచించి, తర్వాత గీద్దాంలే అనుకుంటే ఈలోపు యజమాని వచ్చి డాక్టరుగారి కథ ఎత్తుకుంటాడు. మూడు కాస్తా రెండైపోతుంది. అందుకని వదినకి మనసు తేల్చుకోవడమూ చెయ్యి గీయడమూ ఒక్క క్షణంలో జరిగిపోయేవి. ఏళ్ళ తరబడి అదే అలవాటు. బజారులో కూరగాయలు ఏరేటప్పుడు కూడా ఆవిడ కుడిచెయ్యి గాల్లో గీస్తూ ఉంటుందని, మూడు గీతల టమాటాలన్నీ తమ ఇంటికే వస్తాయని యజమాని భార్య అంటూ ఉంటుంది.

ఆవిడ మరిదిని అందరూ ముప్పావు అంటారు. ఏ పనైనా ముప్పావు వంతు చేసి లేచి వెళ్ళిపోతాడు గనక ఆ పేరు. ఇంటికి సున్నం వేస్తే మూడు గోడలు తెల్లగా ఉంటాయి. కరెంటు పని నేర్చుకున్నాడు గానీ పరీక్షకి ముందే మానేశాడు. కథ చెప్పమంటే రాక్షసుడు చచ్చేలోపు తనే నిద్రపోతాడు. బండి నడపడం మాత్రం ఎలాగో లైసెన్సుదాకా వచ్చింది. ఆ రోజు వీధిలో జనం నిలబడి చూశారు. అలా అని వాడంటే ఎవరికీ కోపం లేదు. ఏడుస్తున్న పిల్లల్ని నవ్విస్తాడు, గొంతు బాగుంటుంది, ఎవరింట్లో ఏం ఎత్తాలన్నా ఒక చెయ్యి వేస్తాడు. రెండో చెయ్యి వేరేవాళ్ళు చూసుకోవాలి.

వదిన కాపురానికి వచ్చేనాటికి వాడు చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుగా పెట్టుకునే వయసులో ఉన్నాడు. అత్తగారు అప్పటికే లేరు. రోజూ పొద్దున్న వాణ్ణి ఎదురుగా నిలబెట్టుకుని గుండీలు విప్పి మళ్ళీ పెట్టింది ఆవిడే. తర్వాత వాడు పెద్దయ్యాడు, గుండీలు నేర్చుకున్నాడు, కింది గుండీ మాత్రం ఎప్పుడూ పెట్టుకోడు.

ఒక మధ్యాహ్నం వాడు షెడ్డుకి వచ్చాడు. బల్ల ముందున్న చక్రం మీద ఆవిడకి వీపు పెట్టి కూర్చుని, చేస్తున్న గోడౌన్ ఉద్యోగం మానేసిన సంగతి చెప్పాడు. అది చెప్పి ఆగకుండా కొత్త ఆలోచన కూడా చెప్పాడు. ఒక వ్యాను అద్దెకి తీసుకుని నడుపుతాడట. అన్నయ్యతో వదినే మాట్లాడి ఒప్పించాలట.

"ఈసారి అలా కాదు వదినా. ఈసారి చివరిదాకా" అన్నాడు.

పాపం అనిపించి వదిన వాడి వీపు మీద ఎడమచెయ్యి వేసింది. చెమటకి చొక్కా అంటుకుపోయి ఉంది. చెయ్యి కింద వెన్నెముక తెలుస్తోంది. "చివరిదాకా" అన్న మాట ఆవిడ చెవిలో పడింది, టక్కుమంది. అంతకుముందు చాలాసార్లు విన్న చప్పుడే అది. ఆవిడ మనసులో ఏదో తేలిపోయింది. చూసుకునేసరికి కుడిచెయ్యి గీసేసింది, మూడు గీతలు, పసుపు రంగువి, వాడి వీపు మీద.

షెడ్డంతా నవ్వింది. యజమాని పొట్ట పట్టుకుని నవ్వాడు. అందరికంటే ఎక్కువ నవ్వింది ముప్పావే. మెడ తిప్పి వీపు చూసుకోవడానికి గుండ్రంగా తిరిగాడు. "అలవాటైన చెయ్యి, జారింది" అన్నారంతా. వదిన కూడా నవ్వింది, మిగతావాళ్ళకంటే కాస్త ఆలస్యంగా.

సాయంత్రం ఆ చొక్కా ఆవిడే ఉతికింది, గీతలు పోయాయి. మర్నాడు వాడు వేరే చొక్కా వేసుకున్నాడు. వీధి చివరికి వెళ్ళేలోపు దాని మీద మూడు గీతలు వచ్చాయి. దాన్ని ఉతికి ఇంకోటి వేస్తే దాని మీదా వచ్చాయి. మొగుడి చొక్కాల్లో కొత్తది తీసి ఇచ్చింది, దాని మీద ఇంకా బాగా కనిపించాయి. "సబ్బు దండగ" అన్నాడు మొగుడు, ఆ వారంలో మాట్లాడిన మాట అదే. వీధిలో వాళ్ళు బండి నంబరు చూసినట్టు వాడి వీపు చూసి ఎవరి పని మీద వాళ్ళు వెళ్ళారు. అక్కడ అందరికీ గీతలు చదవడం వచ్చు. మూడో రకం అని ఉంటే మూడో రకం, అందులో అడగడానికి ఏముంది?

వ్యాను అద్దెకిచ్చేవాడు వీపు చూసి, మొత్తం వ్యాను ఇవ్వలేనని చెప్పాడు. బస్సు డిపోకి వెళ్తే అక్కడి అధికారి లైసెన్సు చూసి, వెనక్కి తిరగమని, కాసేపు ఆలోచించాడు. మొత్తం డ్రైవరుగా ఎలా తీసుకుంటాం, ఇతనిలో ఏది బాగుందో చూద్దామన్నాడు. చూస్తే వెనక్కి నడపడం చాలా బాగుంది. అందుకని సాయంత్రం రూట్ల నుంచి వచ్చిన బస్సుల్ని వెనక్కి నడిపి వరసలో పెట్టే పని ఇచ్చారు. ముందుకి నడిపేవాళ్ళు వేరే ఉన్నారు. ఫోటో స్టూడియోవాడు పిల్లల్ని నవ్వించడానికి పిలిచాడు. నవ్వించగానే పక్కకి తప్పుకోవాలి. బడిలో ప్రార్థన గీతంలో మొదటి పాదం మాత్రం పాడటానికి పిలిచారు. శ్రుతి అందాక మిగతాది పిల్లలు చూసుకుంటారు. టైర్ల దుకాణంవాడూ భార్యా భోజనాల వేళ తమ ఇద్దరి మధ్యన కాసేపు కూర్చోమన్నారు. మధ్యన మనిషుంటే వాళ్ళు గిన్నెలు విసురుకోరు.

ఇలా వాడిలో బాగున్న ముక్క బాగున్నట్టు ఎవరికి కావలసింది వాళ్ళు తీసుకున్నారు. వాడికి తీరిక లేకుండా పోయింది. యజమాని అయితే, మూడో రకం సరుకులో ఇంత గిరాకీ ఎప్పుడూ చూడలేదని మెచ్చుకున్నాడు.

ఇదివరకు సాయంత్రమైతే వాడు వంటింటి గడప మీద కూర్చుని ఆ రోజు సంగతులన్నీ వదినకి చెప్పేవాడు. అసలు సంగతి వచ్చేసరికి లేచి వెళ్ళిపోయేవాడనుకోండి, అయినా చెప్పేవాడు. ఇప్పుడు స్టూడియోలో కొన్ని మాటలు, బడిలో కొన్ని, టైర్లవాడింట్లో కొన్ని అయిపోయి, ఇంటికొచ్చేసరికి ఏమీ మిగిలేది కాదు. గడప మీద కూర్చుని గోడకేసి చూసేవాడు. ఆవిడ పళ్ళెంలో ఇంకాస్త వడ్డించేది. ముప్పావు వంతు తినేవాడు.

ఆవిడ మొహం చూసి వాడే ఓదార్చేవాడు. "చెయ్యి జారితే నువ్వేం చేస్తావు వదినా? కావాలని గీశావా ఏంటి?"

ఆ మాట వచ్చినప్పుడల్లా వదినకి పొయ్యిలో ఏదో సర్దాల్సిన పని గుర్తొచ్చేది. ఎందుకంటే ఆ చెయ్యి జారలేదు. అది ఎన్నడూ జారి ఎరగదు. మనసు ఏది తేల్చితే అది గీసింది. ఆ సంగతి వీధిలో ఒక్కరికే తెలుసు. ఆ ఒక్కరూ అందరితోపాటు నవ్వి ఊరుకున్నారు.

షెడ్డులో కూడా ఆవిడ పని పాడైంది. మూడో గీత గీయడానికి చెయ్యి లేచేది కాదు. టక్కుమన్న డ్రమ్ముకి రెండు గీతలు పెట్టింది. రజను తగిలిన గేర్‌బాక్సు నూనెను చీరకొంగుకి తుడుచుకుని, దానికీ రెండే పెట్టింది. యజమాని మొదట్లో మురిసిపోయాడు. తర్వాత కొన్నవాళ్ళు సరుకు చంకన పెట్టుకుని వెనక్కి రావడం మొదలైంది. ఒకాయన స్టార్టర్ మోటారు బల్ల మీద పెట్టి, ఈ డాక్టరుగారు ఎక్కడుంటారో చెప్పండి, ఒకసారి చూపించుకోవాలి అన్నాడు.

ఇంతలో దర్జీ కూతురి సంగతి బయటపడింది. ఆ అమ్మాయి డిపోలో టికెట్ల గదిలో పనిచేస్తుంది. బస్సుని వెనక్కి నడిపేవాడు తల బయటికి పెట్టి వెనక్కి చూడాలి. ఆ డిపోలో వెనక ఉన్నది టికెట్ల గది. రోజూ సాయంత్రం ముప్పావు అన్ని బస్సుల్నీ ఆ అమ్మాయినే చూస్తూ వరసలో పెట్టాడు. కొన్ని బస్సుల్ని అవసరం లేకపోయినా తీసి మళ్ళీ పెట్టాడు. డిపో అంతటికీ అర్థమైంది. చివరికి దర్జీకి కూడా అర్థమైంది.

దర్జీ చెడ్డవాడేం కాదు. ముందు తన ప్రయత్నం తను చేశాడు. మందపాటి గుడ్డ తెచ్చి, లోపల ఇంకో వరస వేసి, ముప్పావుకి ఒక చొక్కా కుట్టాడు. గీతలు రెండు వరసల మీదా వచ్చాయి, లోపలిదాని మీద కొంచెం తిన్నగా కూడా వచ్చాయి. తన కుట్టు మీద వేరేవాళ్ళ గీతలేమిటని ఆయనకి వృత్తిపరంగా కూడా బాధ కలిగింది. సీటు బెల్టు పెట్టుకుని కూర్చుని కూతురితో తేల్చి చెప్పాడు. ముక్కలుగా వచ్చే మనిషికి పిల్లని ఇవ్వడు. మొదటి రకమే కావాలని పట్టుబట్టడు, రెండైతే చాలు, తనూ రెండే. కానీ ఇంకో సంబంధంవాళ్ళు నెలాఖరుకి వస్తున్నారు, ఈలోపు ఆ మూడో గీత పోవాలి.

ఆ అమ్మాయి ఈ సంగతి వదినకి చెప్పడానికి షెడ్డుకే వచ్చింది. ఏడవలేదు. "మీరే గీశారు కదండీ, ఒకటి తీసేయండి" అంది, చిల్లర తిరిగి ఇవ్వమన్నంత మామూలుగా.

తీసేయడానికి వీల్లేదు. గీసిన చెయ్యి దాన్ని చెరపకూడదు. తన గీతని తనే చెరుపుకుంటే ఇక గీతలకి విలువేముంది? రకం పెంచాలంటే వేరే షెడ్డువాళ్ళు చూసి పెంచాలి. వదిన ఆ రాత్రి మొగుడికి అన్నం పెడుతూ ఇదంతా చెప్పింది. ఆయన చాలాసేపు నమిలాడు. నమిలి, "ఎదురు షెడ్డుకి తీసుకెళ్ళు" అన్నాడు.

ఆ దారి ఆవిడకి మొదటి రోజు నుంచీ తెలుసు. వెళ్ళకపోవడానికి కారణం పంతం కాదు. రకం పెంచమని వచ్చినవాళ్ళని అవతలివాళ్ళు ఒక ప్రశ్న అడుగుతారు. సరుకు ఎదురుగా ఉండగానే అడుగుతారు. దానికి జవాబు చెప్పాలి.

నెలాఖరు దగ్గర పడ్డాక ఒక ఉదయం వదిన ముప్పావుని వెంటబెట్టుకుని రోడ్డు దాటింది. ఇటు షెడ్డువాళ్ళు పని ఆపేసి గేటు దగ్గర గుమిగూడారు. సరుకు లెక్క చూస్తున్నామని చెప్పుకున్నారు.

ముసలాయన బల్ల దగ్గర ఉన్నాడు. గీతల విషయంలో ఆయన పిసినారి. ఒక గీత ఇవ్వడం ఆయన చేత కాదని, తన పెళ్ళి ఫోటో వెనక కూడా రెండే గీసుకున్నాడని చెప్పుకుంటారు. ఆ మాట నిజం కాదు, మూడు అంటుంది ఆయన భార్య. పిల్లల్లేరు వాళ్ళకి. ఆయన వదినని కూర్చోమనలేదు. ముప్పావుని తిప్పి నిలబెట్టి వీపు చూశాడు.

"ఏ లోపం చూసి గీశావమ్మా?" అన్నాడు.

వదిన గొంతు సర్దుకుంది. "చెయ్యి జారింది బాబాయ్ గారూ."

"అయితే అది రకం కాదు, మరక. మరకైతే ఉతికేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. నాకు పనుంది."

ముప్పావు మొహం వెలిగిపోయింది. అంత సంతోషం వాడి మొహంలో వ్యాను సంగతి చెప్పినప్పుడు కూడా లేదు. "చెప్పానా వదినా? మరకేనంట. ఇంకేం, ఉండనీ, మరకేగా" అంటూ గేటుకేసి నడిచాడు. దర్జీ కూతురు పోతుందన్నది కూడా ఆ నిమిషంలో వాడికి గుర్తున్నట్టు లేదు. వదిన చెయ్యి జారిందన్న మాట ఒక పెద్దమనిషి ముందు ఖాయమైంది, వాడికది చాలు.

వదిన వెనక నడుస్తోంది. ఎదురుగా వాడి వీపు ఉంది. మూడు గీతలూ తిన్నగా, ఒకే ఎడంతో, ఒకే పొడుగుతో ఉన్నాయి. జారిన చెయ్యి అంత చక్కగా గీయదు. కిందికి చూస్తే, చొక్కా అంచు గాలికి లేస్తోంది, కింది గుండీ పెట్టుకోలేదు.

గేటు దగ్గర ఆవిడ ఆగిపోయింది.

"బాబాయ్ గారూ, జారలేదు" అంది.

ముసలాయన తలెత్తాడు. ముప్పావు కూడా ఆగాడు, కానీ వెనక్కి తిరగలేదు.

"చూసే గీశాను. వీడిలో ముక్కలు బాగున్నాయి, మొత్తం నిలబడదు అనుకున్నాను. ఏదీ చివరిదాకా లాగలేడు, వీడింతే అనుకున్నాను. చేత్తో పెంచినదాన్ని, తెలిసే అనుకున్నాను. అప్పుడు చెయ్యి వీపు మీద ఉంది."

అవతల గేటు దగ్గర సరుకు లెక్క చూస్తున్నవాళ్ళు కూడా లెక్క ఆపేశారు. ముప్పావు అలాగే అటు తిరిగి నిలబడి అడిగాడు.

"ఎప్పటినుంచి వదినా?"

ఆ రోజే అనుకున్నానని చెప్పి ఉంటే సరిపోయేది. నోటిదాకా వచ్చింది కూడా.

"చాలా రోజుల నుంచి" అంది వదిన.

లోపం చెప్పారు గనక ఇక పరీక్ష చెయ్యాలి, పరీక్షంటే బరువు పెట్టి చూడటం. షెడ్డు మధ్యలో దూలానికి గొలుసు కప్పీ వేలాడుతోంది, దాని కింద ఒక లారీ ఇంజను ఉంది. ఆ గొలుసు ఎంత లాగినా ఇంజను వెంట్రుకవాసి లేస్తుంది. చేతులు పడిపోతాయి, విసుగు దానికంటే ముందొస్తుంది. దూలం దాకా ఎత్తమని ముసలాయన ముప్పావుకి చెప్పాడు.

వాడు లాగడం మొదలుపెట్టాడు. ఎప్పటిలా పాటా పాడలేదు, కబుర్లూ చెప్పలేదు. ఇంజను మోకాళ్ళ దాకా లేచింది, నడుము దాకా లేచింది. రోడ్డవతల యజమాని, ఇక్కడ ఆపుతాడు చూడండి అన్నాడు. ఇంజను భుజాల ఎత్తు దాటింది. ముప్పావు వంతు దగ్గర గొలుసు ఆగింది. అందరూ ఊపిరి వదిలారు, తమ అంచనా నిజమైనప్పుడు జనం వదిలే ఊపిరి అది. వాడు చేతులు ప్యాంటుకి తుడుచుకున్నాడు. వదినకేసి చూడలేదు. చూడకూడదనుకున్నవాడు ఎంత జాగ్రత్తగా చూడడో అంత జాగ్రత్తగా చూడలేదు. మళ్ళీ గొలుసు పట్టుకున్నాడు. ఇంజను దూలానికి తగిలి ఠంగుమన్నాక కూడా ఇంకొకసారి లాగి, అప్పుడు వదిలాడు.

ముసలాయన వాడి వీపు మీద ఎడమచెయ్యి వేసి, కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడ్డాడు. తర్వాత బొటనవేలు తడి చేసుకుని చివరి గీతని తుడిచేశాడు. రెండు మిగిలాయి. ఆ తర్వాత వాడు ఏ చొక్కా వేసుకున్నా రెండే వచ్చాయి.

వదిన కళ్ళు తుడుచుకుని, పద ఇంటికెళదాం అంది.

"ఎక్కడికమ్మా?" అన్నాడు ముసలాయన. "రకం ఎవరు పెంచితే సరుకు వాళ్ళది. మీ యజమానిని అడుగు."

ఆ వీధిలో అది ఎప్పటినుంచో ఉన్న పద్ధతే. ఒక షెడ్డు మూడన్నదాన్ని ఇంకో షెడ్డు రెండు చేస్తే, అది రెండు చేసినవాళ్ళకే చెందుతుంది. లేకపోతే ఎవరికి వాళ్ళు సరుకుని తక్కువ చేసి పారేస్తారు. రేడియేటర్లకీ తలుపులకీ పెట్టుకున్న పద్ధతి అది. మనిషి విషయంలో ఎవరికీ తట్టలేదు. అందరూ యజమానికేసి చూశారు. ఆయన చాలాసేపు చెవి గోక్కున్నాడు. ఆయన షెడ్డులో ఉన్న క్రేను ఒకప్పుడు ఎదురు షెడ్డుది. దాని రకం వదినే పెంచింది. ఇప్పుడు పద్ధతి కాదంటే క్రేను వెనక్కి వెళ్ళిపోతుంది. పద్ధతి పద్ధతేనన్నాడు.

వదిన మొగుడు రోడ్డు దాటి వచ్చి తమ్ముడి పక్కన నిలబడ్డాడు. ఏదో అనబోతున్నాడని అందరికీ తెలుస్తోంది. అందరూ ఆగారు. ఆయన నోరు తెరిచేలోపు ముప్పావు మాట్లాడాడు, ముసలాయనతో.

"ఈ గొలుసు ఎక్కడ చుట్టిపెట్టాలి తాతా?" అన్నాడు.

ముసలాయన మేకు చూపించాడు. వాడు గొలుసు చివరిదాకా చుట్టి దానికి తగిలించాడు.

ఆ రోజు నుంచి వాడి మంచం ఎదురింట్లో, ముసలాయన దగ్గర పడింది. వాడి చొక్కాలు ఎదురింటి దండెం మీద ఆరుతాయి. వదిన బల్ల దగ్గర నిలబడితే తిన్నగా అవే కనిపిస్తాయి. ఆవిడ చెయ్యి మళ్ళీ దారిలో పడింది. మూడుకి మూడే గీస్తోంది, సరుకు వెనక్కి రావడం ఆగింది. డిపోవాళ్ళు ముప్పావుకి ఒక రూటు ఇచ్చారు. బస్సుని ముందుకి నడుపుతూ చివరి స్టాపుదాకా వెళ్ళి వస్తున్నాడు. దర్జీ మాట మీద నిలబడ్డాడు.

పెళ్ళికి వదిన, మొగుడు వెళ్ళారు. మగపెళ్ళివారి తరఫున ముసలాయనా భార్యా నిలబడ్డారు. వదినవాళ్ళని పొరుగువాళ్ళ వరసలో, టైర్ల దుకాణంవాడి పక్కన కూర్చోబెట్టారు. పెళ్ళికొడుకు వరస వెంట వస్తూ ఒక్కొక్కరినీ పలకరించాడు. వదిన దగ్గర ఆగి, అన్నీ సరిగ్గా వడ్డిస్తున్నారా అండీ అని అడిగాడు. ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది. మాట పూర్తయ్యేదాకా నిలబడి విని, పక్క కుర్చీ దగ్గరికి వెళ్ళాడు.